కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్‌కూ వేళ్ల కీళ్లకూ ఏమిటి సంబంధం?

కొర్లగుంట_శారద
నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు, ఉన్నట్టు తేలి కొన్నేళ్లయింది. దాన్ని పట్టే రక్త పరీక్షలు ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్‌గానే వచ్చాయి. వారానికి ఒకసారి జబ్బును అణచే మెథోట్రెక్సేట్, దానికి తోడు ఫోలిక్ యాసిడ్, నొప్పి ముదిరినప్పుడు కొద్ది రోజులు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నాను. తెల్లవారి వాకిట్లో ముగ్గు వేయడానికి వంగితే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి నిలవదు; సన్నటి గీత రావలసిన చోట కుప్పగా జారిపోతుంది. ఎండెక్కిన తరువాత గానీ వేళ్లు సడలవు.

మొన్న తిరుపతిలో నేను చూపించుకొనే డాక్టరు గారు బరువు తగ్గమన్నారు. నా బాధ వేళ్లలోనూ మణికట్లలోనూ ఉంది గానీ మోకాళ్లలో లేదని చెప్పాను. కొవ్వు లెప్టిన్ అనే హార్మోనును విడుదల చేస్తుందనీ, అది రక్షణ కణాలను రెచ్చగొడుతుందనీ ఆయన ఒకే ఒక్క వాక్యంలో చెప్పి తరువాతి చీటీ వారిని పిలిపించుకున్నారు. నడుము చుట్టూ పేరుకున్న కొవ్వు వేళ్ల కణుపుల దాకా ఎలా వెళ్లి పని చేస్తుంది? ఇది నిజంగా తేలిన విషయమేనా, లేక లావుగా ఉన్నవారిని ఏ జబ్బుకైనా తప్పుపట్టే అలవాటులో భాగమా? లెప్టిన్ పరీక్ష కూడా ఉన్న ప్యాకేజీ ఒకటి చేయించుకోమని మా మరిది ఒత్తిడి చేస్తున్నాడు. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

రేణిగుంట_జంక్షన్
ఒకే వాక్యంలో చెప్పినా లెప్టిన్ పేరు చెప్పారంటే మీ డాక్టరు గారు మంచివారే. మా అమ్మకు ఆ వాక్యం కూడా దక్కలేదు, "తగ్గండి" అనే ఒక్క మాట మాత్రమే దక్కింది.

సూక్ష్మజీవి_పంతులు
నేను డాక్టరును కాను, డిగ్రీ విద్యార్థులకు ఇమ్యునాలజీ చెప్పేవాణ్ణి. కాబట్టి మందుల జోలికి పోకుండా, శారద గారు అడిగిన "ఎలా" అన్నదానికే పరిమితమవుతాను.

వేళ్ల మీద ఒంటి బరువు పడదు. అయినా బరువుకూ వేళ్ల వాపుకూ సంబంధం కనిపిస్తున్నదంటే ఆ సంబంధం రక్తం ద్వారా నడుస్తూ ఉండాలి. కొవ్వు కణజాలం నూనెను నిలవ చేసుకొని ఊరుకొనేది కాదని 1994లో గట్టిగా తెలిసింది. ఆ ఏడాది న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం, విపరీతంగా తిని లావెక్కే ఒక జాతి ఎలుకలలో చెడిపోయిన జన్యువును గుర్తించింది. ఆ జన్యువు తయారు చేయవలసిన ప్రోటీనే లెప్టిన్. రక్తంలో తిరిగే రూపంలో అందులో 146 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దాని ప్రధానమైన పని మెదడులోని హైపోథాలమస్‌కు ఒంట్లో కొవ్వు నిల్వ ఎంత ఉన్నదో తెలియజేసి ఆకలిని అదుపులో ఉంచడం.

దాని త్రిమితీయ ఆకృతి చూస్తే ఇంటర్‌ల్యూకిన్-6 (ఐఎల్-6) కుటుంబానికి చెందిన సైటోకైన్ల ఆకృతికి చాలా దగ్గరగా ఉంటుంది. లెప్టిన్‌ను అందుకొనే గ్రాహకం కూడా ఐఎల్-6 సంకేతాన్ని అందుకొనే గ్రాహకాల జాతిదే. అంటే పనిని బట్టి అది హార్మోను, కట్టడాన్ని బట్టి రక్షణ కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే సైటోకైన్. టీ కణాలు, మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్స్, ఎన్‌కే కణాలు అనే రక్షణ కణాలన్నింటి మీదా దాని గ్రాహకాలు ఉన్నాయి. నడుము దగ్గర పుట్టిన లెప్టిన్ రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. వేళ్ల కణుపులలో వాచి ఉన్న కీలు పొరలోకి కూడా ఆ రక్తమే వెళుతుంది, పైగా వాపు ఉన్న చోట రక్తనాళాలు ఎక్కువగా మొలుస్తాయి.

మునెమ్మ_మనవడు
పంతులు గారూ, ఆకలి సంగతి చూసే హార్మోనుకు రక్షణ వ్యవస్థతో పని ఎందుకు పడింది?

సూక్ష్మజీవి_పంతులు
గాదె ఖాళీగా ఉన్న ఏడాది ఎవరూ ఇంట్లో పెళ్లి పెట్టుకోరు. టీ కణం ఒకటి మేల్కొని వేల కణాలుగా విభజన చెందాలంటే చాలా గ్లూకోజు, చాలా శక్తి ఖర్చవుతుంది. ఒంట్లో నిల్వ లేనప్పుడు ఆ ఖర్చును ఆపాలి, ఉన్నప్పుడు అనుమతించాలి. ఆ అనుమతి చీటీలలో లెప్టిన్ ఒకటి.

దీనికి ఋజువు 1998లో లండన్‌లో గ్రాహం లార్డ్ తదితరులు నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన. ఆకలితో ఉంచిన ఎలుకలలో టీ కణాల ప్రతిస్పందన పడిపోయింది. తిండి పెట్టకుండా లెప్టిన్ మాత్రమే ఎక్కిస్తే అది తిరిగి లేచింది. మనుషులలో కూడా ఇటువంటి సాక్ష్యం ఉంది. పుట్టుకతోనే లెప్టిన్ తయారు కాని పిల్లలను 1997లో కేంబ్రిడ్జిలో గుర్తించారు. ఆ పిల్లలకు అంతులేని ఆకలి ఉండేది, తీవ్రమైన ఊబకాయం వచ్చింది, టీ కణాల పనితీరు కూడా లోపించింది. లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక బరువు తగ్గడమే కాకుండా టీ కణాల స్పందన కూడా మెరుగుపడింది.

చిత్తూరు_సన్నోడు
ఇదంతా వినడానికి బాగుంది గానీ నా మాటేమిటి? నేను నా యాభయ్యేళ్ల జీవితంలో ఎప్పుడూ లావుగా లేను, మా వీధిలో పిల్లలు నన్ను పేరు కంటే "కట్టెపుల్ల" అనే ఎక్కువగా పిలుస్తారు. అయినా రెండు చేతులూ పట్టేసి వేలూరు దాకా వెళ్లి చూపించుకుంటే ఇదే జబ్బని తేల్చారు. కొవ్వు లేనివాడికి కొవ్వు హార్మోను వల్ల జబ్బు వచ్చిందంటే నమ్మేదెలా? అసలు శారద గారు అన్నట్టు ఇది లావుగా ఉన్నవారి మీద వేసే నింద అనే నాకు అనిపిస్తున్నది.

మందులషాపు_కట్టమంచి
సన్నోడు అన్నా, లెప్టిన్ వల్ల జబ్బు "పుట్టింది" అని పంతులు గారు ఎక్కడా రాయలేదు. మళ్లీ ఒకసారి చదవండి.

సూక్ష్మజీవి_పంతులు
మందులషాపు వారు సరిగ్గా పట్టుకున్నారు. ఈ జబ్బు మొదలు కావడానికి కావలసిన సరంజామా వేరు. సొంతమేదో పరాయిదేదో గుర్తించడంలో పాత్ర ఉన్న, వారసత్వంగా వచ్చే హెచ్ఎల్ఏ జన్యువులు, పొగతాగడం, చిగుళ్ల జబ్బు వంటివన్నీ కలిసి, మన సొంత ప్రోటీన్లలో జరిగిన చిన్న మార్పును రక్షణ వ్యవస్థ పరాయిదిగా పొరబడేటట్టు చేస్తాయి. యాంటీ సీసీపీ పరీక్ష పట్టుకొనేది ఆ పొరపాటునే, అది నొప్పులు మొదలు కావడానికి కొన్నేళ్ల ముందే రక్తంలో కనిపించవచ్చు. ఊబకాయం జబ్బు వచ్చే అవకాశాన్ని కొంత పెంచుతుంది గానీ అది లేకుండా రాదని కాదు, ఉంటే వచ్చి తీరుతుందనీ కాదు.

లెప్టిన్ పాత్ర ఆ తరువాత, జరుగుతున్న గొడవను ఎటు మొగ్గించాలి అనే దగ్గర ఎక్కువగా ఉంటుంది. విశ్రాంతిలో ఉన్న టీ కణం మీద లెప్టిన్ గ్రాహకాలు తక్కువ. యాంటీజెన్‌ను, అంటే తాను గుర్తుపట్టే పదార్థాన్ని, చూసి మేల్కొన్న తరువాత ఆ కణం గ్రాహకాలను పెంచుకుంటుంది. కాబట్టి లెప్టిన్ ఎక్కువగా ఉన్నంత మాత్రాన నిద్రపోయే కణాలన్నీ లేచి కూర్చోవు, అప్పటికే లేచి ఉన్నవాటికే బలం చేకూరుతుంది. శారద గారి కీళ్లలో అవి ఇప్పటికే లేచి ఉన్నాయి.

ఆ బలం ఎలా చేకూరుతుందంటే, గ్రాహకానికి లెప్టిన్ తగలగానే కణం లోపల జాక్2, స్టాట్3 అనే సంకేత ప్రోటీన్లు పని మొదలుపెడతాయి. మరో దారిలో ఎమ్‌టార్ అనే ఇంకో సంకేత ప్రోటీన్ ద్వారా గ్లూకోజు వాడకం పెరుగుతుంది. సహాయక టీ కణాలలో టీహెచ్1, టీహెచ్17 రకాలు వాపును ఎగదోసేవి, రెగ్యులేటరీ టీ కణాలు ఆ వాపును అణచేవి. లెప్టిన్ మొదటి రెండింటి వైపు మొగ్గుతుంది, మూడవ దానిని వెనక్కు పట్టి ఉంచుతుంది. రెగ్యులేటరీ కణాల విభజనకు లెప్టిన్ అడ్డు పడుతుందని 2007లో నేపుల్స్ నగరంలోని పరిశోధకులు చూపించారు. దీనికి తోడు మాక్రోఫేజ్‌లు వాపును పెంచే టీఎన్ఎఫ్, ఐఎల్-6 వంటి సైటోకైన్లను ఎక్కువగా విడుదల చేస్తాయి. కీలు పొరలోని ఫైబ్రోబ్లాస్టులనే కణాలు ఐఎల్-8 అనే మరో సైటోకైన్‌ను వదిలి న్యూట్రోఫిల్స్‌ను పిలుస్తాయి.

కొర్లగుంట_శారద
ఇప్పుడు కొంత అర్థమవుతున్నది. అంటే నిప్పు వేరే చోట అంటుకుంది, ఇది దాన్ని ఆరనివ్వడం లేదు. అయితే నాకు ఒక కోపం మిగిలే ఉంది. ప్రెడ్నిసొలోన్ వాడినప్పుడల్లా ఆకలి రెట్టింపవుతుంది, ముఖం ఉబ్బుతుంది, బరువు పెరుగుతుంది. ఆ మాత్ర రాసిచ్చినవారే మళ్లీ బరువు తగ్గమంటే నేను ఏ గోడకు చెప్పుకోవాలి?

ఫిజియో_పీలేరు
మీ కోపం న్యాయమైనదే. స్టెరాయిడ్లు ఆకలిని పెంచడమే కాకుండా కొవ్వు కణాలు లెప్టిన్‌ను ఎక్కువగా తయారు చేసేటట్టు కూడా చేస్తాయి. అందుకే ఇప్పుడు స్టెరాయిడ్‌ను వీలైనంత తక్కువ మోతాదులో, వీలైనంత తక్కువ కాలం వాడి, అసలు మందు పట్టు దొరకగానే తగ్గించాలనేది రుమటాలజీలో అందరూ ఒప్పుకొనే మాట. ఆ తగ్గింపు ఎప్పుడు, ఎలా అన్నది మీ డాక్టరుతో తేల్చుకోవలసిన విషయం. ఎక్కువ కాలం వాడినవారు మాత్రం దాన్ని సొంతంగా హఠాత్తుగా ఆపకూడదు, అడ్రినల్ గ్రంథి ఇబ్బంది పడుతుంది.

ఎలుకల_లెక్క
పంతులు గారి వివరణ చక్కగా ఉంది గానీ, అందులో కథ మరీ సాఫీగా నడుస్తున్నది. నేను కొంతకాలం ప్రయోగశాలలో ఎలుకలతో పని చేసినవాణ్ణి కాబట్టి కొన్ని ముళ్లు చూపించక తప్పదు.

లెప్టిన్ లేని ఎలుకలలో ఆర్థరైటిస్ తక్కువగా వస్తుందని 2002లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ పరిశోధకులు చూపించారు. అది నిజమే, అయితే అది టీ కణాలు నడిపించే రకం, అంటే యాంటీజెన్ ఎక్కించి తెప్పించిన ఆర్థరైటిస్. అదే ఎలుకలకు జైమోసాన్ అనే ఈస్టు పదార్థాన్ని కీలులోకి ఎక్కిస్తే వాపు తగ్గకపోగా ఎక్కువ రోజులు నిలిచింది. అంటే లెప్టిన్ ఒకచోట ఎగదోసేది, మరొకచోట అదుపు చేసేది అయింది. పైగా ఆ ఎలుకలలో కార్టికోస్టిరాన్ అనే సహజ స్టెరాయిడ్ బాగా ఎక్కువగా ఉంటుంది. వాపు తక్కువగా ఉన్నది లెప్టిన్ లేనందుకా, స్టెరాయిడ్ ఎక్కువగా ఉన్నందుకా అని ఎవరైనా అడిగితే జవాబు అంత తేలిక కాదు.

ఇక మనుషుల సంగతి. ఈ జబ్బు ఉన్నవారి రక్తంలో లెప్టిన్ ఎక్కువగా ఉన్నట్టు చాలా అధ్యయనాలు చెప్పాయి, కొన్నిటికి తేడా కనిపించలేదు. లెప్టిన్ ముఖ్యంగా కొవ్వు పరిమాణాన్ని బట్టి ఉంటుంది, ఒకే బరువు ఉన్న మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ. ఈ జబ్బు కూడా ఆడవారికే రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. ఇన్ని ముడులు ఉన్న చోట రెండు అంకెలు కలిసి పెరిగాయని ఒకటి మరొకదానికి కారణమని అనలేము.

సూక్ష్మజీవి_పంతులు
జైమోసాన్ ప్రయోగం గురించి మీరు రాసింది సరైనదే, అయితే నా వాదనకు అది అడ్డు కాదనే నా అభిప్రాయం. జైమోసాన్ ఆర్థరైటిస్‌లో టీ కణాలకు పెద్ద పని ఉండదు, అది సహజ రక్షణ వ్యవస్థ సొంతంగా నడిపే వాపు. రుమటాయిడ్‌లో టీ కణాలు కేంద్రంలో ఉన్నాయి. వాటికి అందే సహాయక సంకేతాన్ని ఆపే అబాటసెప్ట్ అనే మందు పని చేయడమే అందుకు నిదర్శనం. 2012లో వచ్చిన మరొక ప్రయోగం కూడా గుర్తు చేస్తాను. కొలాజెన్‌తో తెప్పించిన ఆర్థరైటిస్‌లో, ఎలుక కీలులోకే లెప్టిన్ ఎక్కించినప్పుడు అక్కడ టీహెచ్17 కణాలు పెరిగాయి, జబ్బు త్వరగా మొదలై తీవ్రమైంది. అక్కడ లెప్టిన్‌ను కలిపి చూశారు గనుక లేనితనంతో వచ్చే స్టెరాయిడ్ గొడవ లేదు.

ఎలుకల_లెక్క
కలిపిన మోతాదు సహజంగా కీలులో ఉండేదానితో సరితూగుతుందా అన్న ప్రశ్న మాత్రం నేను వదలను. మిగతాది ఒప్పుకుంటాను.

రేణిగుంట_జంక్షన్
వీరిద్దరూ ఒకే ఊరిలో ఉంటే టీ కొట్టు యజమాని లక్షాధికారి అయ్యేవాడు.

ఆయుర్వేదాభిమాని_తిరుచానూరు
మన పెద్దలు ఊరికే "లంఘనం పరమౌషధం" అనలేదు. ఈ జబ్బును పోలిన ఆమవాతానికి మొదటి చికిత్స లంఘనమే, అంటే ఉపవాసమేనని ఆయుర్వేద గ్రంథాలు చెబుతాయి. ఆకలితో ఉంచితే లెప్టిన్ పడిపోతుందనీ, దానితో టీ కణాలు చల్లబడతాయనీ పంతులు గారే రాశారు. మరి శారద గారు ఏకాదశి ఉపవాసాలు నిష్ఠగా చేస్తే చాలదా? ఇన్ని మాత్రలు ఎందుకు?

మందులషాపు_కట్టమంచి
మాత్రలు ఎందుకు అనే మాట దగ్గర మాత్రం ఆగండి స్వామీ. మెథోట్రెక్సేట్ మానేసి ఉపవాసాలు పట్టినవారిని కౌంటరు వెనుక నుంచి చూస్తూనే ఉన్నాను. నొప్పి తగ్గినట్టు కొన్నాళ్లు అనిపిస్తుంది, ఎముక అరుగుదల మాత్రం ఆ లోపల నడుస్తూనే ఉంటుంది. వంకర తిరిగిన వేలు తరువాత ఏ మందుకూ తిన్నగా కాదు.

సూక్ష్మజీవి_పంతులు
తిరుచానూరు వారి ప్రశ్నలో పస ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. నార్వేలో సరిగ్గా దీన్నే పరీక్షించి 1991లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. రోగులు వారం పది రోజులు ఉపవాసం ఉండి, ఆ తరువాత ఏడాది పాటు శాకాహారం తీసుకున్నారు. ఉపవాసంలో నొప్పులు, వాపులు తగ్గాయి, శాకాహారం కొనసాగించినవారిలో ఆ మెరుగు చాలావరకు నిలిచింది. ఉపవాసం విరమించి మామూలు తిండికి తిరిగి వస్తే నొప్పులు తిరిగి రావడం అంతకు ముందు నుంచీ తెలిసిన విషయమే.

అయితే దీని వెనుక ఉన్నది లెప్టినేనా? అదే నార్వే పరిశోధకులు 1990ల చివరలో కొందరు రోగులకు వారం రోజులు కీటోజెనిక్ ఆహారం, అంటే పిండి పదార్థాలు బాగా తగ్గించి కొవ్వు పెంచిన తిండి, ఇచ్చి చూశారు. లెప్టిన్ స్పష్టంగా తగ్గింది. జబ్బు తీవ్రత మాత్రం తగ్గలేదు. ఉపవాసం వల్ల కలిగిన మేలును లెప్టిన్ ఖాతాలో మొత్తంగా జమ వేయడం కుదరదని దీనిని బట్టి తెలుస్తుంది.

ఏకాదశి సంగతి వేరు. ఒక రోజు తినకపోతే లెప్టిన్ బాగా పడిపోతుంది, ద్వాదశి పారణతో మళ్లీ లేస్తుంది. కొవ్వు నిల్వ తగ్గనంత కాలం ఆ తగ్గుదల నిలవదు. మధుమేహం ఉన్నవారు, స్టెరాయిడ్ వాడుతున్నవారు డాక్టరుకు చెప్పకుండా దీర్ఘ ఉపవాసం చేయడం మంచిది కాదు.

మునెమ్మ_మనవడు
మా అవ్వ ఏకాదశి నాడు అన్నం ముట్టదు గానీ, అన్నానికి బదులు తినే ఫలహారం చూస్తే ద్వాదశి దాకా ఆగవలసిన పని లెప్టిన్‌కు ఉండదు.

ఎలుకల_లెక్క
కీటోజెనిక్ అధ్యయనాన్ని పంతులు గారే బయటపెట్టడం నాకు నచ్చింది. అయితే అది చాలా కొద్దిమంది మీద, వారం రోజులే జరిగింది. టీ కణాల మొగ్గు మారడానికి వారం చాలదని కూడా వాదించవచ్చు.

చిత్తూరు_సన్నోడు
నా ప్రశ్నకు సగమే జవాబు వచ్చింది. సన్నగా ఉండడం నాకు మేలే చేస్తున్నదని అనుకోవచ్చా?

ఫిజియో_పీలేరు
అంత ధీమా వద్దు. రెండు కారణాలున్నాయి. దీర్ఘకాలం వాపు ఉన్నవారిలో కండ కరిగిపోతుంది, కొవ్వు మాత్రం అలాగే ఉంటుంది, కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. తూకం యంత్రం మీద అంకె మారదు, లోపలి సరుకు మారిపోతుంది. దీన్ని రుమటాయిడ్ కాకెక్సియా అంటారు. రెండవది మన జాతి తత్వం. ఒకే బీఎంఐ (ఎత్తును బట్టి బరువును లెక్కించే అంకె) ఉన్న ఐరోపావారి కంటే భారతీయులలో కొవ్వు పాలు ఎక్కువని పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ చేసిన పరిశోధనలు బాగా ప్రచారంలోకి తెచ్చాయి. అందుకే మనకు అధిక బరువు 25 దగ్గర కాకుండా 23 దగ్గరే మొదలైనట్టు లెక్క వేస్తారు. మీ చేతి పట్టు, తొడ కండ ఎలా ఉన్నాయో చూపించుకోండి. మీకు కావలసింది బరువు తగ్గడం కాదు, కండ పెంచుకోవడం.

సూక్ష్మజీవి_పంతులు
సన్నోడు గారికి మరొక చిత్రమైన సంగతి చెప్పాలి. కొవ్వు కణజాలం లెప్టిన్‌తో పాటు అడిపోనెక్టిన్ అనే మరొక హార్మోనును కూడా విడుదల చేస్తుంది. లెప్టిన్‌ను మిల్లీలీటరుకు నానోగ్రాములలో కొలిస్తే, దీనిని మైక్రోగ్రాములలో కొలవాలి, అంటే దాదాపు వేయి రెట్లు ఎక్కువ. దీని నడక తిరగబడి ఉంటుంది, లావుగా ఉన్నవారిలో తగ్గుతుంది, సన్నగా ఉన్నవారిలో పెరుగుతుంది. మధుమేహం, గుండె జబ్బుల విషయంలో ఇది మిత్రుడని పేరు. కీళ్ల దగ్గర మాత్రం ఆ పేరు నిలబడలేదు. కీలు పొరలోని ఫైబ్రోబ్లాస్టులకు ఇది తగిలితే అవి ఐఎల్-6నూ, మృదులాస్థిని కోసే ఎంజైములనూ విడుదల చేస్తాయి. ఈ జబ్బు ఉన్నవారిలో అడిపోనెక్టిన్ ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్స్‌రేలో ఎముక అరుగుదల కూడా ఎక్కువగా ఉన్నట్టు గమనించారు. లావుగా ఉన్న రోగులకు నొప్పీ వాపూ ఎక్కువగా ఉన్నా, ఎక్స్‌రేలో అరుగుదల తక్కువగా కనిపించడమనే వింతకు ఇది ఒక కారణం కావచ్చునని కొందరి ఊహ.

చిత్తూరు_సన్నోడు
లావుగా ఉంటే లెప్టిన్, సన్నగా ఉంటే అడిపోనెక్టిన్. ఇక మనం ఎలా ఉండాలో ఆ ఏడుకొండలవాడే చెప్పాలి.

కొర్లగుంట_శారద
అంటే నేను బరువు తగ్గితే అడిపోనెక్టిన్ పెరిగి ఎముకలు అరుగుతాయా? ఇది చదివాక భయం ఇంకా పెరిగింది.

సూక్ష్మజీవి_పంతులు
ఆ భయం అక్కరలేదు. హార్మోన్ల లెక్కలను పక్కన పెట్టి, బరువు తగ్గిన రోగులకు నిజంగా ఏమైందో చూడడమే సరైన పద్ధతి. ఊబకాయానికి శస్త్రచికిత్స చేయించుకున్న రుమటాయిడ్ రోగులను అమెరికాలో గమనించినప్పుడు, బరువు తగ్గిన తరువాత వారిలో జబ్బు తీవ్రత తగ్గింది. ఊబకాయం ఉన్నవారు రెమిషన్‌కు, అంటే జబ్బు దాదాపుగా అణగిన స్థితికి, చేరే అవకాశం తక్కువని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ముఖ్యంగా టీఎన్ఎఫ్‌ను అడ్డుకొనే ఇంజెక్షన్లు లావుగా ఉన్నవారిలో అంత బాగా పని చేయవు. అరుగుదలను ఆపేది మీరు క్రమం తప్పకుండా వేసుకొనే మెథోట్రెక్సేట్ వంటి మందులే.

వేలూరు_బస్సు
నేను చిత్తూరు నుంచి వేలూరుకు చూపించుకోవడానికి వెళ్తుంటాను. అక్కడ ఒకసారి నా సీఆర్పీ, అంటే ఒంట్లో వాపును చూపే రక్త పరీక్ష అంకె, ఎక్కువగా వచ్చింది, కీళ్లు చూస్తే వాపు లేదు. డాక్టరు గారు మందు పెంచకుండా ముందు అల్ట్రాసౌండ్ చేయించారు. ఎందుకని అడిగితే, ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉన్నవారిలో ఆ కొవ్వే ఐఎల్-6ను వదులుతుందనీ, దాన్ని చూసి కాలేయం సీఆర్పీని తయారు చేస్తుందనీ, కాబట్టి ఆ అంకె మొత్తం కీళ్ల నుంచే వచ్చిందని అనుకోకూడదనీ చెప్పారు. శారద గారు తన రిపోర్టులు చూసేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోవాలి.

మందులషాపు_కట్టమంచి
ఇది చాలా పనికొచ్చే మాట. దీనికి కాలేయం గురించి ఒకటి కలుపుతాను. మెథోట్రెక్సేట్ వాడుతూ బరువు ఎక్కువగా ఉన్నవారికి ఫ్యాటీ లివర్ తోడైతే ఎస్‌జీపీటీ అనే కాలేయ పరీక్ష అంకె పెరిగి, మందు మోతాదు తగ్గించవలసి వస్తుంది. బరువు తగ్గడానికి లెప్టిన్ కంటే ఈ కారణమే నాకు దగ్గరగా కనిపిస్తుంది. ఇంకొకటి, ఈ మందు వారానికి ఒకసారి మాత్రమే. రోజూ వేసుకొనే మాత్ర అనుకొని వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద వారం పేరు రాయించుకోండి.

కొర్లగుంట_శారద
వారం పేరు నా చీటీ మీద లేదు, ఈసారి రాయిస్తాను. లెప్టిన్ పరీక్ష మాట ఎవరూ తేల్చలేదు.

ఎలుకల_లెక్క
ఆ డబ్బుతో మరిది గారికి మంచి భోజనం పెట్టండి. లెప్టిన్ అంకె రాత్రికి ఒకలాగా, పగలు ఒకలాగా ఉంటుంది, తినని రోజు పడిపోతుంది, స్త్రీలకూ పురుషులకూ వేరు. దాన్ని చూసి ఏ రుమటాలజిస్టూ మందు మార్చరు. ఆ అంకె చెప్పగలిగిన విషయాన్ని నడుము చుట్టూ కొలిచే టేపు ఉచితంగా చెబుతుంది. మన దేశంలో ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువగా లెక్క వేస్తారు.

మునెమ్మ_మనవడు
బరువు తగ్గడానికి అలిపిరి మెట్లు ఎక్కితే సరిపోతుంది కదా? 3,550 మెట్లు, పుణ్యం పురుషార్థం రెండూ.

ఫిజియో_పీలేరు
వాపు ఎక్కువగా ఉన్న రోజుల్లో వద్దు. మోకాళ్లు, మడమలు బాగున్నవారు, మందు పట్టు దొరికాక ఎక్కవచ్చు గానీ, దిగేటప్పుడు మాత్రం బస్సులో రావడమే మేలు. మెట్లు దిగడంలోనే మోకాలి మీద ఎక్కువ ఒత్తిడి పడుతుంది. శారద గారి బాధ వేళ్లలో కాబట్టి రోజూ సమతలం మీద నడవడానికి ఇబ్బంది లేదు. ఎస్వీ విశ్వవిద్యాలయం ఆవరణలో పొద్దున్నే నడిచేవారికి కొదవ లేదు. అయితే వేళ్ల బిగుతు విడిచాక, అంటే సాయంత్రం పూట నడక పెట్టుకుంటే నిలకడగా సాగుతుంది. నడక తరువాత గోరువెచ్చని నీటిలో వేళ్లు ముంచి మెల్లగా మడిచి తెరవండి. తిండి విషయంలో రాగి సంగటి మంచిదే, దాని పక్కన వేసుకొనే నెయ్యీ, చెనక్కాయల చట్నీ ఎంత అన్నదే చూసుకోవాలి.

రేణిగుంట_జంక్షన్
సంగటిలో నెయ్యి వద్దంటే ఈ జిల్లాలో మీకు ఓట్లు పడవు.

వేలూరు_బస్సు
పంతులు గారికి ఒక్క ప్రశ్న. లెప్టిన్ ఇంత చేస్తుంటే, టీఎన్ఎఫ్‌కూ ఐఎల్-6కూ మందులు కనిపెట్టినట్టు లెప్టిన్‌ను అడ్డుకొనే మందు ఎందుకు తేలేదు?

సూక్ష్మజీవి_పంతులు
అడ్డుకొనే అణువులను ప్రయోగశాలలలో తయారు చేశారు, ఎలుకల మీద చూశారు. ఇబ్బంది ఏమిటంటే ఒంట్లో అంతటా లెప్టిన్‌ను ఆపితే మెదడుకు నిల్వ లేదన్న సంకేతం వెళ్లి ఆకలి విపరీతంగా పెరుగుతుంది. ఇంతకు ముందు చెప్పిన లెప్టిన్ లేని పిల్లల పరిస్థితే వస్తుంది, అంటువ్యాధుల భయం కూడా ఉంటుంది. మెదడును తాకకుండా రక్షణ కణాల దగ్గర మాత్రమే పని చేసేది కావాలి. రుమటాయిడ్‌కు అటువంటి మందు ఏదీ ఇప్పుడు చికిత్సలో లేదు. మరొక దారిలో, టోఫాసిటినిబ్, బారిసిటినిబ్ వంటి జాక్ నిరోధకాలు వాడుకలో ఉన్నాయి. వాటిలో బారిసిటినిబ్ ఆపే వాటిలో లెప్టిన్ వాడుకొనే జాక్2 కూడా ఉంది. అయితే దాని ప్రయోజనం ప్రధానంగా ఐఎల్-6, ఇంటర్‌ఫెరాన్ వంటి సంకేతాలు ఆగడం వల్ల వచ్చేదే.

ఎలుకల_లెక్క
జాక్ నిరోధకాలు వాడినవారిలో కొందరు బరువు పెరగడం కూడా కనిపించింది. అందులో లెప్టిన్ సంకేతం ఆగిన పాలు ఎంతో తేల్చగలిగిన ప్రయోగం వస్తే నేనే ఇక్కడ మొదట రాస్తాను.

కొర్లగుంట_శారద
వచ్చే వారం చూపించుకోవడానికి వెళ్తున్నాను. ప్రెడ్నిసొలోన్ తగ్గించే వరుస, ఎస్‌జీపీటీ, సీఆర్పీ ఎక్కువగా వస్తే అల్ట్రాసౌండ్ అవసరమా అన్నది, ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాను. ఆయన తరువాతి చీటీ పిలిచేలోపు మూడూ అడగాలి.

వేలూరు_బస్సు
కాగితం చేతిలో పెట్టుకొని ఊరుకోకండి, కూర్చోగానే బల్ల మీద ఆయన ముందు పెట్టండి. నాకు అలాగే పని జరిగింది.